ముందు చెప్పాల్సిన మాట

జైల్లో ఎవరితోనైనా మాట్లాడడానికి కూర్చునే ముందు మేం చెప్పాల్సిన మాటలు మూడు. నేను మీకు వైద్యం చేయడానికి రాలేదు, కోర్టు అడిగితే వచ్చాను. మీరు చెప్పేది నా దగ్గరే ఉండిపోదు, రిపోర్టులో కోర్టుకు వెళ్తుంది. ఇష్టం లేని ప్రశ్నకు మీరు జవాబు చెప్పనక్కర్లేదు. ఈ మూడూ అవతలి మనిషికి అర్థమయ్యాయని తేల్చుకున్నాకే మొదటి ప్రశ్న అడగాలి. క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తూ, నేరాలకూ కోర్టులకూ సంబంధించిన పనిలో శిక్షణ తీసుకున్న ఆ నాలుగేళ్ళలో మా ప్రొఫెసర్ గారు అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఇదే. నేను దాన్ని పరీక్షల్లో రాశాను. సెమినార్లో చెప్పి మెప్పు పొందాను. ఒక మనిషి విషయంలో మాత్రం చేయలేదు. చేశానని కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను.

మాది బరంపురంలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు వర్తక కుటుంబం. కంధమాల్ కొండల నుంచి వచ్చే పసుపు, చింతపండు టోకుగా అమ్మేవాళ్ళం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. నేను సైకాలజీలో ఎమ్మే చేసినప్పుడు ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. పీహెచ్‌డీలో చేరి వారానికి రెండు రోజులు జైలుకు వెళ్ళడం మొదలుపెట్టాకే అమ్మ ఊరుకోలేకపోయింది.

"పిచ్చోలకి నయం సేసీ సదువనుకున్నాం గానీ, ఈ జైలు సుట్టూ తిరగడమేటే? అడిగినోలకి ఏటని సెప్పమంటావు?" అనేది.

నాకు మాత్రం అందులోనే గర్వం ఉండేది. మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నే ఆడపిల్లని. జైలు గేటు దగ్గర నా పేరు రాసుకుని లోపలికి పంపేవారు. నాకంటే వయసులో పెద్దవాళ్ళు లేచి నిలబడి "మేడం" అనేవారు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, ఇంకెవరికీ తెలియని లోకమొకటి చూసొచ్చినట్టు ఉండేది.

శిక్షణ పూర్తి కావాలంటే ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చేయాలి. మనిషిని కలవడం, పరీక్షలు పెట్టడం, రిపోర్టు రాయడం, కోర్టు పిలిస్తే వెళ్ళి సాక్ష్యం చెప్పడం, అన్నీ. నాతో చేరిన ఇద్దరు మగపిల్లలు మూడో ఏడాదిలోనే ఆ పని ముగించారు. నాకు వచ్చిన కేసులు మధ్యలోనే ఆగిపోయేవి. ఒకరికి బెయిలు వచ్చింది, ఇంకొకరిని వేరే ఊరి జైలుకు మార్చారు. నాలుగో ఏడాది సగం గడిచింది. థీసిస్ దాదాపు అయిపోయింది, ఈ ఒక్కటే మిగిలింది.

అప్పుడు మార్కండి ఆవిడ కేసు వచ్చింది.

మార్కండి ఛత్రపూర్ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. చేపలు పట్టే తెలుగువాళ్ళుంటారు. ఆవిడకు నలభై అయిదేళ్ళుంటాయి. భర్త వేటకు వెళ్ళి పడవ బోల్తాపడి పోయాడు. ఆయన పోయిన ఏడు నెలలకు, ఒక మధ్యాహ్నం, ఆవిడ తన మరిది వలలు పెట్టుకునే తాటాకు పాకకు నిప్పు పెట్టింది. పాకలో ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. మరిది దగ్గర వలలు బాగుచేస్తూ, వాటికి కాపలా ఉండే మనిషి. ఒళ్ళంతా కాలి, ఆస్పత్రిలో మూడో రోజు పోయాడు.

నిప్పు పెట్టింది తనేనని ఆవిడ మొదటి రోజే ఒప్పుకుంది. కోర్టులో తేలాల్సింది వేరే రెండు సంగతులు. ఆవిడ తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలు, భర్త పోయాక ఈమెకు మతి స్థిమితం లేదు, ఏం చేస్తోందో తెలియని స్థితిలో చేసింది అన్నాడు. అది కోర్టు నమ్మకపోయినా, లోపల మనిషి ఉన్నట్టు ఈమెకు తెలియదు, ఖాళీ పాక అనుకుని తగలబెట్టింది అన్నాడు. ఈ రెండో సంగతి ఎటూ తేల్చడానికి పోలీసుల దగ్గర సాక్ష్యం లేదు. మొదటి సంగతి గురించి కోర్టు మా విభాగాన్ని అడిగింది: ఆ రోజు ఆమె మానసిక స్థితి ఏమిటి? తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పో కాదో ఆమెకు తెలుసా? అంతే. అడిగింది అదొక్కటే.

మా ప్రొఫెసర్ గారిది కటక్. తెలుగు వింటే కొంచెం అర్థమవుతుంది, మాట్లాడలేరు. ఫైలు నా చేతికిచ్చి ఒడియాలో అన్నారు, "బజార్లో చేపలమ్మే ఒడియా ఆమెకు వచ్చట. కానీ మొగుడు పోయిన దుఃఖం బజారు భాషలో చెప్పుకోలేదు కదా. నువ్వు చెయ్యి."

మా దగ్గర నోటీసు ఒడియాలో టైపు చేసి ఉండేది. నేను ఆ ఆదివారం కూర్చుని దాన్ని తెలుగులోకి మార్చాను. "ఈ మూల్యాంకనమునందు మీరు వెల్లడించు విషయములు గోప్యముగా ఉంచబడవు" అని మొదలుపెట్టి పేజీ నిండా రాశాను. నేను తెలుగు బడిలో చదవలేదు. తెలుగు రాయాలంటే అలాగే రాయాలనుకునేదాన్ని. రాసింది రెండుసార్లు చదువుకుని, బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా.

ఆడవాళ్ళ వార్డులో కుట్టుమిషన్లు పెట్టిన గది ఒకటి ఉండేది. అందులో కూర్చోబెట్టారు. వార్డరమ్మ గుమ్మం బయట స్టూలు వేసుకుంది. నలభై నిమిషాలే ఉంది, ఆ తర్వాత అందరినీ లెక్కపెట్టాలి అంది. ఆవిడ లోపలికొచ్చి గోడవారగా నేల మీద కూర్చోబోతే, కుర్చీ చూపించాను. కుర్చీ అంచు మీద కూర్చుంది. సన్నగా, ఎండకు నల్లబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. చేతివేళ్ళు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. వల కన్ను ముడివేస్తున్న వేళ్ళని తర్వాత తెలిసింది నాకు.

నేను కాగితం తీసి చదివాను. ఆవిడ శ్రద్ధగా నా నోటికేసి చూస్తూ వింది. అయ్యాక నవ్వింది.

"ఇదేటి పాపా, బడిలో మాస్టరు సదివినట్టు సదివీసినావు. నాకొక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఏలెక్కడెయ్యమంటావు సెప్పు."

ఈ ఒక్క క్షణం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. నాకు ఆవిడ భాష వచ్చు. మా అమ్మ భాష అది, కాస్త అటూ ఇటూగా. "నువ్వు నాతో సెప్పిందల్లా నాను జడ్జీగారికి రాసి పంపీస్తాను, ఇష్టం నేకపోతే సెప్పకు" అంటే సరిపోయేది. ఊపిరి తీసుకున్నంత సేపు పట్టేది కాదు. ఆ మాటలు నా నాలుక మీదే ఉన్నాయి.

ఆ మాట అనకుండా ఊరుకున్నది నలభై నిమిషాలే ఉన్నాయని కాదు. ఆ సాకు చాలా ఏళ్ళు చెప్పుకున్నాను గానీ, అది నిజం కాదు. అర్థమైతే ఈవిడ మాట్లాడదేమోనని భయపడ్డాను. ఈ కేసు కూడా సగంలో పోతుందేమోనని. ఇంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదు. లోపలెక్కడో తెలుసు, అంతే. సిరా మెత్తను ఆవిడ ముందుకు జరిపాను. ఆవిడ ఎడమచేతి బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. చీర కొంగుతో వేలు తుడుచుకుంటుంటే, "ఇప్పుడు సెప్పు అప్పా, ఇంటికాడ ఎవులెవులున్నారు?" అన్నాను.

అప్ప అంటే మా వైపు అక్క. ఒడియాలోనూ దాదాపు అదే మాట. చుట్టరికం కలిపి పిలవొద్దని మాకు శిక్షణలో చెప్పారు. కోర్టు పని మీద వెళ్ళినవాళ్ళం, అవతలి మనిషికి మనం ఎవరమో పొరపాటు పడే అవకాశం ఇవ్వకూడదని. నేను తెలిసే పిలిచాను. ఆవిడ మొహం ఒక్కసారిగా మెత్తబడింది. పెళ్ళీడుకొచ్చిన కూతురు ఒకతి ఉందని చెప్పింది.

ఆ రోజుతో కలిపి మూడు వారాల్లో నాలుగుసార్లు కలిశాను. పరీక్షలు పెట్టాను. సిరా మరకల కార్డులు చూపిస్తే, ఒకదాంట్లో పీత ఉందంది, ఇంకోదాంట్లో చిరిగిన వల ఉందంది. మిగతావి చూసి, "ఇయ్యేటి పాపా, పిల్లలు సిరా ఒంపీసినారు" అని పక్కన పెట్టింది. అంకెలు గుర్తుపెట్టుకునే పరీక్షలో నా బ్యాచ్ కుర్రాళ్ళకంటే బాగా చేసింది. మతి సరిగానే ఉంది. దుఃఖం ఉంది. తిండి తగ్గింది, నిద్ర పట్టదు, సముద్రం హోరు ఇక్కడ వినబడక ఇంకా నిద్ర పట్టదు. భర్త పోయిన కొత్తలో ఒడ్డుకెళ్ళి ఆయనతో మాట్లాడేదాన్నని చెప్పింది. జవాబు వినబడేదా అని అడిగితే, "సచ్చినోడు ఎక్కడ మాటాడతాడు పాపా. నానే మాటాడుకున్నాను" అంది.

వల సంగతి మూడోసారి కలిసినప్పుడు చెప్పింది. వేట లేని నెలల్లో రెండేళ్ళ పాటు కూర్చుని ఆ వల తనే అల్లింది. భర్త పోయాక మరిది పడవతో పాటు దాన్నీ తీసుకుపోయాడు.

"పడవ తీసుకుపో అన్నాను. పడవ నానేటి సేసుకుంటాను? ఆ వలొక్కటీ ఇచ్చీమన్నాను. ఇంట్లో ఏలాడదీసుకుంటానన్నాను. ఆడదానికి వలెందుకు అనీసి నవ్వినాడు. నలుగురి ముందరా నవ్వినాడు."

అది చెబుతున్నప్పుడు వేళ్ళు కదలడం ఆగిపోయింది.

నాలుగోసారి కలిసిన రోజు వాన పడుతోంది. వార్డరమ్మ స్టూలు లోపలికి జరుపుకుని, కాసేపు చూసి, ఆడవాళ్ళ మాటలే కదా అనుకుందేమో, వంటగది వైపు వెళ్ళింది. నేను ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాను. ఆవిడ వరసగా చెప్పింది. పడవలు ఒడ్డుకొచ్చాయి. మరిది చేపల బుట్టలెత్తించుకుని బజారుకెళ్ళాడు. అతను కనుమరుగయ్యేదాకా ఆగింది. స్టవ్వులోని కిరసనాయిలు సీసాలో పోసుకుంది. అగ్గిపెట్టె తీసుకుంది. పాక దగ్గరకు వెళ్ళింది.

చెప్పడం అక్కడ ఆపింది. నేను ఏమీ అడగలేదు. మాట్లాడకుండా ఉండటం కూడా మాకు నేర్పుతారు.

"ముసలోడు లోపల తొంగున్నాడు పాపా" అంది. "నాకు తెలుసు. ఆడి గురక ఇనబడతంది. మా ఆయన బతికున్నప్పుడు మా ఇంట్లోనే కూడు తినీవోడు. లేపాలనుకున్నాను. నోరు తెరిసినాను. కేక రానేదు. అగ్గిపుల్ల మాత్రం ఎలిగింది."

తర్వాత నా మోకాలి మీద చెయ్యేసింది. "ఇది ఎవులికీ సెప్పనేదు. పోలీసోలకీ సెప్పనేదు, ఒకీలుకీ సెప్పనేదు. నువ్వు అప్పా అన్నావు. కడుపులో పెట్టుకోనేక సెప్పీసినాను. నన్ను దేవుడు సూస్తాడంటావా?"

ఇలాంటప్పుడు ప్రశ్నను తిరిగి వాళ్ళకే ఇవ్వాలని మాకు నేర్పారు. "నీకేటనిపిస్తంది అప్పా?" అన్నాను. ఆవిడ ఏడ్చింది. మంచినీళ్ళిచ్చాను. ఆవిడను లోపలికి తీసుకెళ్ళగానే వరండాలో నిలబడి, మరిచిపోతానేమోనన్న ఆత్రంతో, ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు నోటు పుస్తకంలో రాసుకున్నాను. వాన జల్లు పడి సిరా అలుక్కుపోతుంటే పుస్తకం మీదికి వంగి రాశాను.

ఆ వరండాలో నాకు కలిగింది సంతోషం. ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. పోలీసులు చెప్పించలేనిది, వకీలు వినలేనిది నాతో చెప్పిందని సంతోషపడ్డాను.

రిపోర్టు రాశాను. ఆమెకు తీవ్రమైన దుఃఖం ఉంది గానీ, చేస్తున్నదేమిటో తెలియనంత మతిభ్రమ లేదని తేల్చాను. ఆ అభిప్రాయానికి ఆధారాలు బోలెడున్నాయి. మరిది వెళ్ళేదాకా ఆగడం, కిరసనాయిలు సీసాలో పోసుకోవడం, తన వల ఉన్న పాకకే వెళ్ళడం, ఇవి చాలు. అయినా చివర్లో, ముసలాయన గురించి ఆవిడన్న మాటలు తెలుగులో అలాగే ఎక్కించి, కింద ఇంగ్లీషు రాశాను.

ప్రొఫెసర్ గారు చదివి, పెన్సిలుతో ఆ మాటల పక్కన చిన్న గీత గీశారు.

"ఇది అవసరమా?" అన్నారు.

"ఆమె అంతా తెలిసే చేసిందనడానికి ఇంతకంటే ఏం కావాలి సార్?"

"కోర్టు మనల్ని అడిగింది మతి గురించి. ఎంత నేరం చేసిందో తేల్చమని అడగలేదు. లోపల మనిషి ఉన్నాడని ఆమెకు తెలుసా లేదా అన్నది పోలీసులు నిరూపించుకోవాల్సిన సంగతి. ఇది లేకపోతే నీ అభిప్రాయం నిలబడదా?"

నిలబడుతుంది. నాకు తెలుసు. "ఇది ఉంటే ఇంకా గట్టిగా ఉంటుంది సార్" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నోటీసు సరిగ్గా చెప్పావా? అర్థమయ్యేలా?"

"చెప్పాను సార్. వేలిముద్ర ఉంది."

"నీ కేసు. నీ సంతకం" అన్నారు. కొంచెం ఆగి, ఈ విభాగంలో విద్యార్థి రాసిన రిపోర్టుల్లో ఇంత బాగా రాసింది తను చూడలేదని కూడా అన్నారు. నేను ఆ చివరి మాటే ఇంటికి మోసుకొచ్చాను. అమ్మకు కూడా చెప్పాను.

ఛత్రపూర్ కోర్టుకు పిలుపు వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. అమ్మ చీర ఒకటి ఇస్త్రీ చేయించి కట్టుకుని, పొద్దున్న రైల్లో వెళ్ళాను. ఆవిడ బోనులో కూర్చుని ఉంది. నన్ను చూసి తలూపి నవ్వింది. తన తరఫున వచ్చాననుకుంది.

సర్కారు వకీలు నా చదువు, పని, ఎన్నిసార్లు కలిసిందీ అడిగాడు. తర్వాత రిపోర్టు చివరి పేజీ తీయమన్నాడు. "ఆమె మాటలు ఆమె భాషలోనే చదవండి" అన్నాడు.

చదివాను. నేను పుస్తకాల తెలుగు చదివినట్టు చదివి ఉంటే బాగుండేది. కానీ ఆ మాటలు ఆవిడ పలికినట్టే నా నోట వచ్చాయి, ఆవిడ ఆగిన చోటే ఆగి. "ముసలోడు లోపల తొంగున్నాడు పాపా. నాకు తెలుసు" అన్నప్పుడు బోను తలుపు గొలుసు చప్పుడైంది. ఆవిడ లేచి నిలబడింది. కోపంగా లేదు. ఎవరో తన గొంతుతో మాట్లాడుతున్నారన్నట్టు, ఎక్కణ్ణుంచా అని వెతుక్కుంటున్నట్టు చూసింది. చదవడం అయిపోయాక, జడ్జీగారు వింటుండగానే, మెల్లగా, "నీతోనే కదా పాపా సెప్పినాను" అంది. కానిస్టేబులు కూర్చోమన్నాడు. కూర్చుంది.

ఆవిడ వకీలు నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడేమో. కాగితాలు తిరగేసి, లేచి అడిగాడు. "ఆమె చెప్పేదంతా కోర్టుకు వస్తుందని, ఆమె భాషలో, ఆమెకు అర్థమయ్యేలా ముందే చెప్పారా?"

"చెప్పాను. ఆమె వేలిముద్ర ఉంది" అన్నాను.

ఇంకొక్క ప్రశ్న, చెప్పినప్పుడు ఆమె ఏమంది అని అడిగి ఉంటే, నేను ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. నిజం చెప్పేదాన్నని నమ్మాలని ఉంటుంది. ఆయన అడగలేదు. కూర్చున్నాడు.

బయట వరండాలో ఒకామె నా దగ్గరకొచ్చింది. మార్కండిలోనే ఉంటుంది, చనిపోయిన ముసలాయన కూతురు. నా రెండు చేతులూ పట్టుకుంది. చేపల వాసన, కొబ్బరినూనె వాసన.

"మా అయ్య సావుకి ఒక్కలూ నోరిప్పనేదమ్మా. ఊరంతా ఆవిడికేసే జాలిపడిపోతన్నారు. నువ్వొక్కదానివే సెప్పినావు. నీ కడుపు సల్లగుండ."

నాకు ఆ చేతులు విడిపించుకోవడం తెలియలేదు. ఆమె అన్నది నిజం. ఆ ముసలాయన గురించి ఎవరో ఒకరు చెప్పాల్సిందే. గురక పెడుతూ నిద్రపోయిన మనిషి. ఆయన వైపు నుంచి చూస్తే నేను చేసింది మంచే అనిపించే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ నేను ఆయన కోసం చెప్పలేదు. నా రిపోర్టు కోసం చెప్పాను.

తీర్పుకు నెల రోజుల గడువు ఉంది. రైల్లో ఇంటికొస్తూనే నిర్ణయించుకున్నాను, కోర్టుకు ఉత్తరం రాయాలని. ఆమెకు నోటీసు అర్థం కాలేదని, అర్థం కాలేదని నాతోనే చెప్పిందని, నేను సరిగ్గా జవాబివ్వలేదని. రాశాను కూడా. ఒక పేజీ. ఇంగ్లీషులో టైపు చేసి కవరులో పెట్టాను. దాన్ని పంపితే నా కేసు చెల్లదు. శిక్షణ పూర్తయినట్టు రాసిన సర్టిఫికెట్ రద్దవుతుంది. ప్రమాణం చేసి తప్పు చెప్పినందుకు నా మీదే కేసు పెట్టవచ్చు. అదే వారంలో థీసిస్ సమర్పించాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ కవరు సంచీలో పెట్టుకుని తిరిగాను. కవరు మూలలు నలిగిపోయాయి. ఒకరోజు సంచీ ఉతకడానికి వేస్తూ దాన్ని బయటికి తీసి, చింపేశాను.

తీర్పులో ఆవిడకు పదేళ్ళు పడింది. లోపల మనిషి ఉన్నాడని తెలిసే నిప్పు పెట్టిందని తేల్చారు. ఆ మాటకు ఆధారంగా నా సాక్ష్యాన్నే చూపారు. నాకు ఆ ఏడాదే డాక్టరేట్ వచ్చింది. నాన్న కొట్లో అందరికీ మిఠాయి పంచాడు.

రెండేళ్ళ తర్వాత గానీ ఆవిడను చూడటానికి వెళ్ళలేకపోయాను. అప్పటికి నేను అదే విభాగంలో పని చేస్తున్నాను. ఈసారి కోర్టు పని మీద కాదు, మామూలు ములాఖత్ అని చీటీలో రాయించాను. రాదనుకున్నాను. వచ్చింది. జుట్టు సగం నెరిసింది. ఊచల అవతల నిలబడింది.

నేను చెప్పదలచుకున్నదంతా ముందుగా మనసులో పేర్చుకుని వెళ్ళాను. సగమే చెప్పగలిగాను. "ఆ కాయితం నీకు అర్తం కానేదని తెలిసే ఊరుకున్నాను అప్పా. కోర్టులో అబద్ధం సెప్పినాను" అన్నాను.

"కాయితంలో రాస్తావని నాకు తెల్దు" అంది. "తెలిస్తే సెప్పుదునా, సెప్పకపోదునా, అదీ తెల్దు. ముసలోడు రోజూ కలలోకొచ్చీవోడు. నీకు సెప్పిన కాణ్ణించీ రావడం మానీసినాడు. మరి దానికేటంటావు?"

నాకు కాస్త ఊరట కలిగింది, అది దాచను. ఆవిడ అది చూసిందనుకుంటాను. ఊచలు పట్టుకున్న చేతులు తీసేసింది.

"అలాగని నువ్వు మంచిపని సేసినావని నానంటానేటి? నా కూతురు పెళ్ళికి నానెల్లనేదు. పురుడుకీ ఎల్లనేదు. అది నువ్వు రాసిన మాట వల్లే." తర్వాత గొంతు తగ్గించి అంది, "నువ్వు మల్లీ రాకు పాపా. నీ మొకం సూస్తే నాకు మాటలొచ్చీస్తాయి."

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ప్రొఫెసర్ గారికి ఆ వారమే చెప్పాను. ఆయన రిటైరై ఇంట్లో ఉన్నారు. అంతా విని, పెరట్లోకి చూస్తూ, "నేను ఆ రోజు ఇంకో ప్రశ్న అడగాల్సింది" అన్నారు. నన్ను తిడతారని వెళ్ళాను. తన మీద వేసుకున్నారు. అది ఇంకా బరువైంది. ఇద్దరం కలిసి ఆమె అప్పీలు చూస్తున్న వకీలుకు ఉత్తరం రాశాం, జరిగినదంతా. ఈసారి పోస్టులో వేశాను. దాంతో నా మీద విచారణ జరిగింది. రెండేళ్ళు కోర్టు కేసులకు దూరంగా ఉంచారు. అప్పీలులో మాత్రం పెద్దగా ఏమీ మారలేదు. ఆ ఉత్తరం వచ్చేసరికే వాదనలు అయిపోయాయని వకీలు రాశాడు.

ఇప్పుడు నా దగ్గర పిల్లలు శిక్షణ పొందుతున్నారు. మొదటి రోజే వాళ్ళకు ఈ సంగతి చెబుతాను, ఊరి పేరు చెప్పకుండా. నోటీసు చదివాక, ఏం అర్థమైందో అవతలి మనిషి చేతే చెప్పించమంటాను. తప్పు చెబితే మళ్ళీ మొదలుపెట్టమంటాను. ఒక పిల్ల అడిగింది, "అలా చెబితే వాళ్ళు మాట్లాడకపోతే?" అని. మాట్లాడకపోతే లేచి వచ్చేయమన్నాను. ఆ పిల్ల మొహంలో నిరాశ కనిపించింది. నాకు ఆ నిరాశ బాగా తెలుసు.

ఆవిడకు శిక్షలో కొంత తగ్గించి ఎనిమిదో ఏట విడుదల చేశారు. ఆ సంగతి వార్డరమ్మ ఫోను చేసి చెప్పింది. ఆవిడ వెళ్ళిపోయాక చేసింది. కూతురు గోపాలపూర్ నుంచి వచ్చిందట, కొత్త చీర, రెండో కాన్పు చంటిపిల్లతో. జైల్లో కట్టిన చీరను ఆవిడ అక్కడే ఇంకొకామెకు ఇచ్చేసి, కొత్తది కట్టుకుని, మనవరాలిని ఎత్తుకుని ఆటో ఎక్కిందట.

"నా గురించి ఏమైనా అడిగిందా?" అన్నాను.

లేదంది వార్డరమ్మ.